మట్టి చెదరలేదని ధ్రువీకరించడమైనది

కందర్ప భీమశంకరం గారు పొద్దున్నే లేచి, స్నానం చేసి, శివుడికి దీపం పెట్టి, రెండు ఇడ్లీలు తిని, మట్టి విరగ్గొట్టడానికి ఆఫీసుకు వెళ్ళేవారు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. ఆయన ఉద్యోగమే అది.

ఆ ఆఫీసు పేరు జిల్లా మృత్తికా బల పరీక్షా కేంద్రం. జనం నోట్లో అది మట్టాఫీసు. ఎక్కడ వంతెన కట్టాలన్నా, నీళ్ళ ట్యాంకు నిలబెట్టాలన్నా ముందు ఆ చోట నేలకి బొక్క పెట్టి, పల్చటి ఇనప గొట్టం దించి, అందులో పట్టినంత బంకమట్టిని పట్టి, రెండు మూతులకీ మైనం పోసి ఇక్కడికి తెస్తారు. భీమశంకరం గారు మైనం తీసి, మట్టిని మెల్లగా బయటికి నెట్టి, లావుపాటి కొవ్వొత్తి ముక్కంత ముక్క కోసి మిషను కింద నిలబెడతారు. మనసులో ఒకసారి శివా అనుకుని మర తిప్పుతారు. మిషను నొక్కుకుంటూ పోతుంది. ఎక్కడో ఒకచోట ముక్క ఏటవాలుగా పగులుతుంది. అప్పుడు ముల్లు ఎంత చూపిస్తే అదే ఆ మట్టి బలం. ఆ అంకెను బట్టే పునాది లోతు, పునాదిని బట్టి వంతెన, వంతెనను బట్టి జనం.

ఇందులో కిటుకల్లా ఒకటే. గోదావరి బంకమట్టి పెరుగు లాంటిది. కదపకుండా తోడుకున్న పెరుగును గరిటెతో కోస్తే ముక్క ముక్కగా వస్తుంది. అదే గిన్నెను నాలుగుసార్లు కుదిపితే నీళ్ళు తేలి జావైపోతుంది. పాలూ అవే, తోడూ అదే, గట్టితనం మాత్రం ఉండదు. అందుకని గొట్టాన్ని సుత్తితో బాదకుండా మెత్తగా దించాలి, నిటారుగా తేవాలి, దారిలో కుదపకూడదు. భీమశంకరం గారు ఐ.టి.ఐ. చదువుతోనే ఇదంతా వంటబట్టించుకున్నారు. గొట్టాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని జీపులో వచ్చేవారు. ఎవరూ అడిగిందీ లేదు, మెచ్చుకుందీ లేదు. అంకెలు సరిగ్గా వచ్చేవి, అంతే.

అలా సాగుతూండగా డైరెక్టరు రాజ్యవర్ధనరావు గారు రాజధానిలో మూడు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చారు. వచ్చిన రోజే అందర్నీ సమావేశపు గదిలోకి పిలిపించారు.

"మిత్రులారా! నమూనా చెదిరితే బలం తగ్గుతుందన్న సత్యం నేడు ప్రపంచవ్యాప్తంగా గుర్తించబడింది. మన కేంద్రంలో ఇంతవరకు ఒక్క నమూనా కూడా చెదరలేదని ఆధారముందా? ఒక్క కాగితం ఉందా?"

ఎవరి దగ్గరా కాగితం లేదు.

"అంటే ఇన్నాళ్ళూ మనం చీకట్లో ఉన్నాం!" అన్నారు డైరెక్టరు గారు, ఎంతో సంతోషంగా.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "నమూనా సేకరణ స్థలము మొదలుకొని పరీక్షా యంత్రము వరకు గల అయిదు దశలయందును సంబంధిత అధికారి నమూనాను స్వయముగా తెరచి, బొటనవ్రేలితో స్పృశించి, చెదరలేదని సంపూర్ణ సంతృప్తి చెందిన పిమ్మట ధ్రువీకరణ పత్రముపై సంతకము చేయవలెను."

ఈ ఉత్తర్వు కింద వచ్చిన మొట్టమొదటి మట్టి వెదుళ్ళలంకది.

వెదుళ్ళలంక గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు. ఇటు రావాలంటే పడవే గతి. ముప్ఫై ఏళ్ళు అడగ్గా అడగ్గా ప్రభుత్వం వంతెన ఇస్తానంది, మట్టి బాగుంటే. పాతికకు తగ్గకుండా బలం ఉండాలి. మూడు నమూనాలు పరీక్షిస్తారు. ఒక్కటైనా పాతిక దాటితే సరి, మూడూ దాటకపోతే ఫైలు మూసేస్తారు. మళ్ళీ తెరవరు. ఆ ఊరి సర్పంచి నక్కా దయామణి మట్టాఫీసుకు వచ్చి భీమశంకరం గారి బల్ల ముందు కూర్చుంది.

"మా మట్టి గట్టిదేనాండి?"

"గట్టిదేనమ్మా. రెండేళ్ళ కింద మీ పక్కలంకలో బడి కట్టినప్పుడు నేనే చూశాను. నలభై నాలుగొచ్చింది. అదే పొర మీ కిందా ఉంటుంది."

"ఆయ్, అయితే నాకు బెంగ లేదండి. పోయిన వరదల్లో మా అక్క కూతురికి నొప్పులొచ్చేసినాయండి. పడవెక్కించాం. ఏటి మధ్యలోనే కానుపైపోయింది. పడవోడు తెడ్డు వదిలేసి అటు తిరిగి నించున్నాడు. పడవ తిరుగుద్ది, మేవూ తిరుగుతాం. దేవుడి దయ, తల్లీ పిల్లా బతికేరు. ఎవరో పిల్లకి పడవమ్మని పేరెట్టమన్నారండి, నేను నోర్ముయ్యమన్నాను. ఈసారి వరద లోపల పని మొదలెట్టించాలండి. మీదే బారం."

"నాదేముందమ్మా, అంతా ఈశ్వరుడిదీ, మట్టిదీ" అన్నారు భీమశంకరం గారు.

మొదటి గొట్టం వచ్చింది. ఏటి ఒడ్డున ఒక ఇంజనీరు మైనం తీసి, బొటనవేలితో నొక్కి, సంతృప్తి చెంది, మళ్ళీ మైనం పోయించాడు. సబ్ డివిజన్‌లో ఇంకొకరు సంతృప్తి చెందారు. మట్టాఫీసు గుమ్మంలో సూపరింటెండెంటు, మేడ మీద డిప్యూటీ డైరెక్టరు, ఆఖరున డైరెక్టరు గారు. ఆయన స్పృశించే పద్ధతే వేరు. వేలు గోరు మునిగేదాకా దించి, కళ్ళు మూసుకుని, "అచంచలం!" అని సంతకం పెట్టారు.

భీమశంకరం గారు ముక్క కోసి మిషను కింద పెట్టారు. పగలాల్సిన మట్టి పగలకుండా పొట్ట ఉబ్బి కూలబడింది. పంతొమ్మిది.

రెండో గొట్టానికి ఉత్తర్వును ఇంకొంచెం బిగించారు. మొదటిదానికి ఫలితం తక్కువ వచ్చింది కాబట్టి ఎక్కడో పర్యవేక్షణ లోపించిందని తేల్చి, ఒక్కో దశలో ఇద్దరేసి అధికారుల్ని పెట్టారు. పది బొటనవేళ్ళు. పదకొండు వచ్చింది.

డైరెక్టరు గారు గోడ మీద గీతల పటం అతికించారు. అడ్డంగా సంతకాలు, నిలువుగా బలం. సంతకాలు పెరిగేకొద్దీ గీత కిందికి జారుతోంది.

"చూశారా! అశ్రద్ధగా పరీక్షించిన రోజుల్లో నలభై నాలుగు. కట్టుదిట్టం చేశాక పదకొండు. అంటే ఏమిటి? ఇన్నాళ్ళూ మట్టి మనల్ని మోసగించింది. క్రమశిక్షణ పెరిగేకొద్దీ అసలు రంగు బయటపడుతోంది!"

ఆ సాయంత్రం భీమశంకరం గారు ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చున్నారు. భార్య మహాలక్ష్మమ్మ పెరుగు వడ్డించబోయి ఆగింది. "ఏమిటా మొహం?" అంది. ఆయన కథంతా చెప్పారు.

"అదేం చోద్యమండీ! తోడుకుందా లేదా అని పదిమంది మూత తీసి పది వేళ్ళు పెడితే అది పెరుగవుతుందా? మీ ఆఫీసులో ఒక్కళ్ళూ ఇంట్లో పెరుగు తినరా?"

"తింటారే. కానీ దానికి సంతకం పెట్టరు."

మర్నాడు ఆయన ధైర్యం చేసి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. "సార్, చిన్న సందేహం. తప్పయితే క్షమించండి. మట్టి చెదరలేదని చూడ్డానికి మనం నొక్కుతున్నాం కదా. ఆ నొక్కుడుకే చెదురుతోందేమోనని..."

"అంటే అధికారుల బొటనవేళ్ళ మీద ఆరోపణ చేస్తున్నారా?"

"అయ్యో, వేళ్ళు మంచివేనండి. మట్టే అర్థం చేసుకోవడం లేదు."

డైరెక్టరు గారు చెడ్డవారు కాదు. శాస్త్రం పేరు చెబితే ఆలోచించే మనిషి. బొటనవేళ్ళ మీద ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం పన్నెండు రోజులు కూర్చుని, ఇకపై అధికారులు నమూనాను స్పృశించకుండా, తెరవకుండా, అసలు చూడకుండానే ధ్రువీకరించవలెనని తేల్చింది. చూడకుండా సంతకం పెట్టడం అక్కడెవరికీ కొత్త కాదు కాబట్టి ఆ భాగం సులువుగానే అమలైంది.

కానీ డైరెక్టరు గారికి పట్టుదల వచ్చింది. మూడో గొట్టాన్ని దేశంలో ఏ మట్టీ రానంత భద్రంగా తెప్పించాలనుకున్నారు. జీపు గంటకు ఎనిమిది కిలోమీటర్లు దాటరాదు. హారను కొట్టరాదు. ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. గొట్టం కింద బూరుగుదూది పరుపు, చుట్టూ నాలుగు తలగడలు. గుంత వచ్చిన చోటల్లా జీపు ఆపి, గొట్టాన్ని దించి, ఇద్దరు చేతుల మీద దాటించి మళ్ళీ ఎక్కించాలి. అరవై కిలోమీటర్ల దారి. పొద్దున బయల్దేరితే మర్నాడు మధ్యాహ్నానికి చేరారు. దారిలో పెళ్ళి ఊరేగింపొకటి ఎదురైతే, వాళ్ళే బాజాలు ఆపి పక్కకు తప్పుకున్నారు. ఎవరో పెద్దాయన పోయారనుకున్నారు పాపం.

దయామణి ఆ జీపు వెనకాలే ఆటోలో వచ్చింది.

"ఏవండీ బీవశంకరం గారూ, మా అక్క కూతుర్ని ఇందులో సగం బద్రంగా తీసుకొచ్చుంటే ఆసుపత్రిలోనే కానుపయ్యేదండి! దాని కింద పరుపు కాదు కదా, పట్టా కూడా లేదు. మట్టికేమో తలగడలు!"

భీమశంకరం గారు తల వంచుకుని గొట్టాన్ని లోపలికి తీసుకెళ్ళారు.

ఏమైతేనేం, గొట్టం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మైనం చెక్కు చెదరలేదు. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన నమూనా ఆయన చూడలేదు. ఇది నలభై దాటుతుందని మనసుకు తెలిసిపోయింది. మైనం గీకడానికి చాకు తీశారు. అప్పుడే తలుపు తోసుకుని డైరెక్టరు గారు వచ్చారు.

"ఆగండి! ఏం చేస్తున్నారు?"

"పరీక్ష సార్. మైనం తీసి, మట్టిని బయటికి నెట్టి, ముక్క కోసి..."

"నెట్టి? కోసి? ఆ తర్వాత?"

"మిషను కింద పెట్టి విరిగేదాకా నొక్కుతాం సార్."

డైరెక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. "విరిగేదాకా! పది మంది అధికారులు చెదరలేదని ధ్రువీకరించిన నమూనాను, ఈ కేంద్రంలో, నా కళ్ళ ముందు, విరగ్గొడతారా? అసలు ఇన్నాళ్ళూ ఇదేనా మీరు చేస్తున్నది?"

"ఇరవై ఆరేళ్ళుగా సార్."

"ఎన్ని నమూనాలు?"

"లెక్కపెట్టలేదండి. వేలల్లో ఉంటాయి."

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. ఆ రోజే మూడో గొట్టాన్ని తన గది పక్కన ఏసీ గదిలో పెట్టించి, తాళం వేయించి, గుమ్మంలో చెప్పులు విడవాలని బోర్డు పెట్టించారు. పరీక్ష నిరవధికంగా వాయిదా పడింది. పై అధికారులు వచ్చి అద్దంలోంచి చూసి పోతున్నారు. ఒకాయన దండం కూడా పెట్టాడు. భీమశంకరం గారికి అది నచ్చలేదు. దండం పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయని ఆయన నమ్మకం.

వారం తిరిగి దయామణి వచ్చింది. "అంకె ఎంతొచ్చిందండి?"

డైరెక్టరు గారే స్వయంగా బయటికి వచ్చారు. "అమ్మా, మీ నమూనా పరమ క్షేమంగా ఉంది."

"సంతోసం అండి. అంకె?"

"అంకె కావాలంటే దాన్ని భగ్నం చేయాలి. అది శాస్త్రవిరుద్ధం."

"మరి అంకె లేకుండా వంతెనెలాగండి?"

"అంకె లేకుండా వంతెన నిబంధనలకు విరుద్ధం."

"అంటే మేవు పడవలోనే కనాలన్నమాట!"

డైరెక్టరు గారు దానికి సంబంధించిన శాఖ వేరే ఉందన్నారు.

దయామణి వెళ్ళకుండా మెట్ల మీద కూర్చుంది. భీమశంకరం గారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఆమె తాగలేదు. జూన్ నెల వచ్చేసింది, మరో నెలలో వరద నీటితో ఏరు ఎర్రబడుతుంది. ఆయనకు ఆ పూట ఇంకే పనీ తోచలేదు. స్టోరుగదిలోకి వెళ్ళి వెతికితే, ఎవరూ వాడని పరికరం ఒకటి కనబడింది. పొడుగాటి కడ్డీ, చివర నాలుగు రెక్కలు, చూడ్డానికి అచ్చం మజ్జిగ కవ్వం. దాన్ని నేలలోకి దించి మెల్లగా తిప్పితే, మట్టి ఎంత గట్టిగా పట్టుకుంటుందో పైన ముల్లు చెబుతుంది. గొట్టం వద్దు, జీపు వద్దు, పరుపు వద్దు. ఉన్న మట్టిని ఉన్నచోటే అడగడం. దాన్ని తుడుచుకుని డైరెక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు.

"సార్, ఇంకో చిన్న సందేహం. మట్టిని మన దగ్గరికి రప్పిస్తే కదా చెదిరేది. మనమే దాని దగ్గరికి వెళితే? నేలలో ఉన్న మట్టి అసలు చెదరదు కదండీ."

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "ఏమన్నారు? మళ్ళీ అనండి!"

"నేలలో ఉన్న మట్టి చెదరదండి."

"భీమశంకరం! ఇంత గొప్ప సత్యాన్ని ఇన్నాళ్ళు దాచారా? నేలలో ఉన్నదే అసలైన నమూనా!"

కవ్వం సంగతి ఆయన విననే లేదు. రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. వెదుళ్ళలంక రేవు దగ్గర వంద గజాల ఒడ్డును "స్వస్థాన నమూనా"గా ప్రకటించి, కేంద్రం స్వాధీనం చేసుకుంది. చుట్టూ తాడు కట్టారు. నూకయ్య అనే ముసలి కాపలాదారును పెట్టారు. తాడు లోపల నడవరాదు, గేదెల్ని తోలరాదు, గునపం దించరాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వంతెన కట్టరాదు.

భీమశంకరం గారు ఆ ఉత్తర్వు చదివి దేవుడి గదిలో చాలాసేపు కూర్చున్నారు. "స్వామీ, నోరు తెరిచినప్పుడల్లా ఆ ఊరికి ఇంకో గొయ్యి తవ్వుతున్నాను. ఇక నోరు మూసుకోమంటావా?" అని అడిగారు. మర్నాడు దయామణి వస్తే దాచకుండా తన తప్పంతా చెప్పేశారు.

ఆమె ఉత్తర్వు ప్రతిని రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతూ నవ్వింది.

"ఇది మీ డైరెట్రు గారు మనస్ఫూర్తిగా రాసిందేనాండి?"

"ఆయన మనస్ఫూర్తిగా కానిది రాయరమ్మా. అదే ఇబ్బంది."

"అయితే పదండి లోపలికి."

డైరెక్టరు గారి ముందు ఆమె చాలా దిగులుగా మొహం పెట్టింది. "బాబుగారూ, మీ నమూనా గురించి ఒక ఫిర్యాదండి. మా రేవులో పడవ రోజుకి నలబై సార్లు ఒడ్డుకి గుద్దుద్ది. గుద్దినప్పుడల్లా నేల అదురుద్ది. నాలుగొందల మంది దిగుతారు, తొక్కుతారు. మేవేం చేస్తావండి, దిగకుండా ఎగరలేం కదా. మీ నమూనా పాడైపోతంటే కడుపు తరుక్కుపోతందండి."

డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. "నలభై సార్లా? ధ్రువీకరించబడిన నమూనా మీదా?"

"ఆయ్. వరదలొస్తే ఇంకా ఎక్కువండి."

"తక్షణం పడవ ఆపించండి!"

"ఆపితే రేషను బియ్యం సంచులు ఎక్కడ దించాలండి? నిబందన ప్రకారం రేషను ఆపకూడదు కదండి."

అది నిజమే. రేషను ఇంకో శాఖ. ఇంకో శాఖ నిబంధన జోలికి వెళ్ళకూడదని డైరెక్టరు గారికి తెలుసు. గదిలో అటూ ఇటూ నడిచారు. "జనం రావాలి. నమూనాను తాకకూడదు. దాని మీదుగా... కాస్త ఎత్తున... గాలిలో..."

దయామణి కిక్కురుమనలేదు. భీమశంకరం గారూ అంతే. డైరెక్టరు గారి గదిలో ఆయన నోరు తెరవకపోవడం అదే మొదటిసారి, అదే మంచిదైంది.

"ఏరు దాటి, తాడు మీదుగా, నమూనాను తాకకుండా ఒక రక్షణ కట్టడం!" అన్నారు డైరెక్టరు గారు. "స్తంభాలు తాడుకు వెలుపల, పైన సిమెంటు దారి. వంతెన కాదు సుమా! వంతెనకు మట్టి పరీక్ష కావాలి. ఇది నమూనా రక్షణ కట్టడం. దీనికి పరీక్ష అవసరమని ఏ నిబంధనలోనూ లేదు."

"ఆటో పట్టేంత వెడల్పుంటే బియ్యం సంచులు జారవండి" అంది దయామణి వినయంగా.

"రాసుకోండి, ఆటో" అన్నారు డైరెక్టరు గారు.

ఫైలు పరుగు తీసింది. నమూనా అనగానే ప్రతి బల్లా భయపడి సంతకం పెట్టింది. కానీ భీమశంకరం గారికి మాత్రం నిద్ర కరువైంది. అన్నిటికీ అన్ని పరీక్షలూ పెట్టి, జనం నడిచేదానికి ఒక్క పరీక్ష కూడా లేకుండా కట్టేస్తున్నారు. రేపు స్తంభం కుంగితే? అందులో చంటిపిల్లలుంటే? ఆదివారం పొద్దున పూజ ముగించుకుని, స్టోరు నుంచి చీటీ రాసి తెచ్చుకున్న కవ్వాన్ని సంచిలో పెట్టుకుని, తన ఖర్చుతో పడవెక్కి లంకకు వెళ్ళారు.

నూకయ్య అడ్డం వచ్చాడు. "లోపలికి కుదరదండి. నమూనా."

"లోపలికి రాను నూకయ్యా. తాడు లోపలది నమూనా. తాడు బయటది ఉత్త మట్టే కదా?"

నూకయ్య ఆలోచించాడు. "ఉత్తదేనండి. దాన్నెవరూ పట్టించుకోరు."

స్తంభాలు వచ్చే చోట్ల, తాడుకు మూడు బారల ఇవతల, ఆయన కడ్డీ దించి శివా అనుకుని తిప్పారు. ఏటి అవతలి ఒడ్డుతో కలిపి ఆరు చోట్ల. ఎక్కడా నలభైకి తగ్గలేదు. ఒకచోట నలభై ఆరు. ఆ అంకెలు మామూలు కాగితం మీద రాసి, కింద తన పేరు పెట్టి, డిజైను ఇంజనీరుకు తనే ఇచ్చి వచ్చారు.

"దీనికి ధ్రువీకరణ ఏదండీ?" అన్నాడాయన.

"లేదు బాబూ. చూసి వచ్చాను, అంతే."

ఆ ఇంజనీరు కాగితాన్ని కాసేపు చూసి, జేబులో పెట్టుకుని, పునాది లోతు దాని ప్రకారమే వేశాడు.

ఆ ఏడు వరదలకు ముందే పని మొదలైంది, వరద తీశాక స్తంభాలు లేచాయి. మరుసటేడు వరదలకు పైదారి సిద్ధమైంది. దారి మొదట్లో పెద్ద బోర్డు: "నమూనా రక్షణ కట్టడము. ఇది వంతెన కాదు." నూకయ్యను కింద నుంచి పైకి మార్చి, అతని చేతికి కొత్త రిజిస్టరు ఇచ్చారు. ఎవరు దాటినా రాయాలి.

ఆషాఢంలో ఏరు రెండు గట్లూ పొర్లుతున్న రోజున, వానలో, లంక నుంచి ఒక ఆటో వచ్చింది. వెనక దయామణి, ఆమె భుజం మీద తల వాల్చి పళ్ళు బిగించిన ఒక పిల్ల. నూకయ్య గొడుగు పక్కన పెట్టి చెయ్యి ఊపి పంపేశాడు. ఆటో పెద్దాసుపత్రి రోడ్డెక్కి కనబడకుండా పోయేదాకా చూసి, అప్పుడు రిజిస్టరు తెరిచి గడులు నింపాడు.

దాటినవారు: ముగ్గురు. తిరిగి వచ్చునప్పుడు: నలుగురు కావచ్చును. నమూనా: చెదరలేదు.